ఇన్నీసుపేట సందులో ఇస్త్రీ బండి

తునిలో పొద్దున్న అయిదూ నలభైకి పాసింజరెక్కాను. రాజమండ్రి వెళ్లడం ఇది మూడోసారి, అదీ ఒక్క సందు కోసం. ఇన్నీసుపేటలో ఒక పాత పెంకుటిల్లు, దానికో పొడుగాటి అరుగు, అరుగు నీడలో సత్తిబాబు ఇస్త్రీ బండి. ఆ ఇల్లు సోమవారం పడగొట్టేస్తున్నారని సత్తిబాబే ఫోన్ చేశాడు. ఇవాళ ఆదివారం. ఈసారి కూడా బొమ్మ కుదరకపోతే ఇక వెయ్యడానికి ఇల్లుండదు.

నేను షాపులకి బోర్డులు రాసేవాణ్ని. ఏడో తరగతిలో నాకూ బడికీ పడలేదు, బ్రష్షుతో పడింది. ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని తుడిచిపెట్టేశాక, పాత పేటలు పట్టుకుని వీధుల బొమ్మలేస్తూ తిరుగుతున్నాను.

మరి రెండుసార్లెందుకు కుదరలేదంటారా? బ్రష్షు కనపడితే చాలు, ఇక్కడి వీధి వీధంతా పెళ్లికి తయారైపోతుంది. మొదటిసారి ఇడ్లీలమ్మే మంగమ్మ గారు "ఒక్క నిమిషం బాబూ" అని లోపలికెళ్లి, పట్టుచీర కట్టుకొచ్చి, ఇడ్లీ పాత్ర కనపడకుండా దాచేశారు. రెండోసారి సందు చివరిదాకా పౌడరు మొహాలే. నాకేమో రోజూ ఉండే వీధి కావాలి.

అన్నవరంలో ఎక్కిన పెద్దాయన నా అట్ట చూసి, "క్యారమ్స్ బోర్డాండి?" అన్నారు.

"బొమ్మలేసుకునే అట్టండి."

"అయితే గోదావరి వేస్తారన్నమాట."

"గోదావరిని అందరూ వేస్తారండి. ఇస్త్రీ బండిని ఎవరేస్తారు?"

ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి కిటికీ వైపు జరిగారు.

ఎనిమిదిన్నరకి దిగి, ఆటోలో పేట మలుపు దాకా వెళ్లి, నిలబడే పెసరట్టు తిన్నాను. సందులోకి వెళ్లేసరికి సత్తిబాబు తెల్లచొక్కాకి గొంతుదాకా బొత్తాలు పెట్టుకుని, జెండావందనంలో హెడ్మాస్టారిలా నిలబడి ఉన్నాడు. ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది.

"ఏంటిది సత్తిబాబు గారూ?"

"ఆఖరి బొమ్మ కదండీ. ముప్పై ఏళ్లు ఇక్కడున్నానని ఎవరికైనా చూపించుకోవద్దా?"

పెంకులొచ్చాయి, గోడొచ్చింది, అరుగొచ్చింది. మనిషి మాత్రం గోడకి అంటించిన పోస్టరులా వచ్చాడు. కాగితం చింపాను. ఎదురరుగు మీదికి మారాను. అక్కణ్నుంచి కుళాయి దగ్గరికి, మళ్లీ మొదటికి. పది దాటేసరికి నాలుగు చోట్లు మారాను, రెండు కాగితాలు చింపాను. గంట గంటకీ ఎండ అరుగు మీదికొచ్చేస్తోంది.

"మీకు కుదురు లేదండీ," అన్నాడు సత్తిబాబు, పెదాలు కదలకుండా.

పదకొండవుతుండగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. రిటైరైన బ్యాంకు మేనేజరు గారు లుంగీ, బనీనుతో దిగారు. "సత్తిబాబూ, గృహప్రవేశానికి టైమైపోతోంది, నా చొక్కా ఏదీ?"

బండి మీద చూశారు. మూటలో చూశారు. తర్వాత సత్తిబాబుని చూశారు.

"అది నాదిలా ఉందే?"

"మీదేనండి. ఇస్త్రీ ఎలా నిలబడిందో వేసి చూస్తున్నా."

"బ్రహ్మాండంగా నిలబడింది. ఇక విప్పు."

సత్తిబాబు గబగబా విప్పేసి, బొగ్గులు రాజేసి, నీళ్లు చిలకరించి, బనీనుతోనే పెట్టె తోయడం మొదలెట్టాడు. మేనేజరు గారు నడుం మీద చెయ్యేసుకుని గొణుగుతూ పక్కనే కాపలా. ఇద్దరికీ నేను గుర్తే లేను. కిక్కురుమనకుండా వేశాను. చొక్కా వేసుకుని ఆయన వెళ్లిపోయినా ఆపలేదు. పన్నెండింటికి బొమ్మ అయిపోయింది. మూడు ప్రయాణాలకి కుదిరిన మొదటి బొమ్మ.

సత్తిబాబు వచ్చి చాలాసేపు చూశాడు. "బాగుందండి. బనీనులో ఉన్నానండి."

"రోజూ అలాగే ఉంటారు కదండీ."

"ఉంటానండి. దాచుకునేది కూడా అదేనాండి?"

రెండింటికి రైలుంది. అయినా నా చొక్కా విప్పి ఇచ్చాను.

దాన్ని రెండువేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "దీనికెప్పుడైనా ఇస్త్రీపెట్టె మొహం చూపించారాండి?" పావుగంట దానితో కుస్తీపట్టి, వేసుకుని, బండి పక్కన నిలబడ్డాడు. నేను బనీనుతో ఎదురరుగు మీద కూర్చుని మళ్లీ మొదలెట్టాను.

"ఇవాళ మన సందులో బనీన్ల పండగా బాబూ?" అన్నారు మంగమ్మ గారు, పాత్రలు తోముకుంటూ. పోనీలెండి, ఆవిడైనా పట్టుచీర కట్టలేదు.

రైలు పోయింది. మూడున్నరకి బొమ్మ చేతికిస్తే, సత్తిబాబు దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "కాలరు కింద మడత ఉండిపోయిందండి. మడతతో ఏ చొక్కా నా బండి దాటదండి." తడి బ్రష్షుతో ఆ మడత తీసేశాను. అప్పుడు బొమ్మని పేపర్లో చుట్టి, ఇస్త్రీ బట్టల అడుగున పెట్టుకున్నాడు.

"రేపణ్నించి బండెక్కడండి?" అన్నాను.

"నీడెక్కడుంటే అక్కడండి." నా చొక్కా విప్పి, అడక్కుండానే ఇంకోసారి ఇస్త్రీ చేసి ఇచ్చాడు.

ఆ పేటకి వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొకటే. పొద్దున్నే వెళ్లండి, బ్రష్షు చివరిదాకా బయటికి తియ్యకండి. పౌడరు మొహాలు చూసి విసుక్కోకండి కూడా. రోజూ ఉండే వీధి మనకి ముచ్చటే, అందులో రోజూ ఉండేవాళ్లకి ఒక్కరోజైనా ఇంకోలా కనపడాలనుంటుంది.

అయిదింటి రైల్లో కాలు పెట్టే చోటు లేదు. బనీన్ల బొమ్మ నెత్తిమీద పట్టుకుని నిలబడ్డాను. అనపర్తిలో ఒక సీటు ఖాళీ అయింది.

"కూర్చోండి, సీటు కరవదు," అంది ఒకావిడ.

"పర్లేదండి."

కూర్చుంటే చొక్కాకి వీపున మడతలు పడతాయి. తుని దాకా నిలబడే వచ్చాను.