సభ్యుడు స్థానంలో లేరు

సభలో ఒక సవరణను చంపాలంటే దాన్ని ఎవరూ వ్యతిరేకించనక్కర్లేదు. ఎమ్మెల్యే దగ్గర పీఏగా చేరిన కొత్తలోనే ఈ సంగతి నేర్చుకున్నాను. సమావేశాలకు ముందు అన్ని పార్టీల నాయకులూ ఒక గదిలో కూర్చుని ఏ బిల్లుకు ఎంతసేపో తేల్చుకుంటారు. ఆ సేపు అయిపోయిందంటే చర్చ ఎక్కడున్నా సరే, మిగిలిన క్లాజులన్నీ వరసగా చదివి మూజువాణి ఓటుతో దాటించేస్తారు. సవరణ ఇచ్చిన సభ్యుడు, పేరు పిలిచినప్పుడు తన స్థానంలో ఉండి ‘ప్రతిపాదిస్తున్నాను’ అనాలి. లేకపోతే ఆ సవరణ లేనట్టే. ఎందుకు లేడని ఎవరూ అడగరు.

ఈ చివరి నిబంధన నాకు బాగా పనికొచ్చింది.

అది రెండు వేల దశకం మొదట్లో మాట. నాన్న పోయాక ఒంగోలుకు పడమర ఉన్న మా నల్లరేగడి పొలం నా పేరు మీదికొచ్చింది. నేను హైదరాబాదులో ఉండేవాణ్ణి కనుక కౌలుకిచ్చాను. కౌలుదారు నాకంటే బాగా పెద్దవాడు. ఆదివారం చర్చికి తప్ప చొక్కా తొడిగేవాడు కాదు. ఆ ఏడు అతను వేసిన పత్తి మనిషెత్తు పెరిగింది, కాయ మాత్రం పట్టలేదు. విత్తనం నకిలీది. చుట్టుపక్కల ఊళ్లలోనూ అదే గతి కావడంతో సభలో బిల్లు పెట్టారు. ఆ ఏటి పంటతో మొదలుపెట్టి, విత్తనం మోసం చేస్తే అమ్మినవాడు పరిహారం కట్టాలి. ఎవరికి కట్టాలనే చోట మాత్రం ‘పట్టాదారుకు’ అని రాసి ఉంది.

అతను రాత్రి బస్సెక్కి, సంచీలో ఎండుమిరపకాయలు పట్టుకుని మా క్వార్టర్స్‌కు వచ్చాడు.

“బాబూ, ఆ కాయితంలో కౌలుదారు అనే మాట కూడా ఒకటి పెట్టించు. పరిహారం రాకపోతే నీకు కౌలు కట్టలేను. కట్టకపోతే నువ్వు పొలమియ్యవు. నాకింకేముంది చెప్పు?”

“పట్టాదారుని నేనేగా. నాకొస్తే నీకు రాదా?” అన్నాను.

అతను నవ్వాడు. “నువ్వు ఇస్తావులే, నాకు తెలవదా! మిగతా కౌలోళ్ల సంగతి చెప్తన్నా. వాళ్ల ఆసాములు నీలాంటోళ్లు కాదుగా.”

కాదంటే ఊళ్లో చెడ్డపేరు. అందుకని సవరణ నేనే రాశాను. ‘పట్టాదారు’ అన్నచోట ‘లేదా సాగు చేసిన కౌలుదారు’ అని చేర్చాలి, అంతే. ఎమ్మెల్యే చదవకుండానే సంతకం పెట్టాడు. గడువులోపలే నోటీసు అందజేశాను. పని జరుగుతుంటే కళ్లారా చూస్తానని అతను అడిగితే సందర్శకుల గ్యాలరీకి పాసు కూడా ఇప్పించాను.

లోపలికి పంపే ముందు నియమాలు చెప్పాను. “దగ్గకూడదు. చేతులూపకూడదు. ఏం జరిగినా సరే, లేవకూడదు. లేచావంటే మెడపట్టి గెంటేస్తారు.”

“చర్చీలోనూ అంతేగా బాబూ,” అన్నాడు. ఆ రోజు చొక్కా తొడుక్కున్నాడు, మెడ గుండీ దాకా పెట్టుకున్నాడు.

బిల్లుకిచ్చిన సమయమంతా రెండు పార్టీలూ ఒకరినొకరు తిట్టుకోవడానికే సరిపోయింది. ఇక క్లాజులు మొదలవుతాయనగా నేను లాబీలోంచి ఎమ్మెల్యేకు చీటీ పంపాను. నియోజకవర్గం మనుషులు వచ్చారు, వెంటనే బయటికి రండి అని. ఆయన వచ్చాడు. లాబీ స్పీకర్లో లోపలి మాటలు వినిపిస్తున్నాయి. క్లాజు చదివారు. మా ఎమ్మెల్యే పేరు పిలిచారు. “సభ్యుడు స్థానంలో లేరు. సవరణ ప్రతిపాదించలేదు.” ఆ వెంటనే అవుననే గొంతులు, కాదనేవాళ్లు లేరు, క్లాజు బిల్లులో భాగమైంది. గ్లాసెడు నీళ్లు తాగేంతసేపు కూడా పట్టలేదు.

ఎమ్మెల్యే చుట్టూ చూశాడు. “ఏరా, మనుషులొచ్చారన్నావ్, ఎవరూ లేరే?”

“ఇప్పుడే టీకి వెళ్లారండీ.”

ఆయన గోడకున్న ఆ స్పీకరు పెట్టె వంక, తర్వాత నా వంక చూశాడు. ఆయనకూ కౌలుకిచ్చిన పొలాలున్నాయి. “నాకంటే ముదిరావురా నువ్వు,” అని భుజం తట్టి లోపలికి వెళ్లాడు. ఆ మెప్పు చాలా రోజులు నా మనసులో తియ్యగా ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా పాపంలో కొంత ఆయన మీదికి నెట్టాలని చెయ్యి లాగుతోంది. చీటీ రాసింది నేను.

గ్యాలరీ మెట్లు దిగి అతను గబగబా నా దగ్గరికొచ్చాడు. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

“సార్ గారు అప్పుడే బయటికెళ్లారు బాబూ. కడుపులో నెప్పో ఏమో పాపం. ఉన్నాడయ్యా, బయటే ఉన్నాడు, కాసేపు ఆగండి అని లేచి చెప్దామనుకున్నా. నువ్వు లేవొద్దంటివి.”

“లేస్తే గెంటేసేవాళ్లు.”

“గెంటితే గెంటేవాళ్లులే. మాట చెవినబడేదేమో. నేను లేచుంటే ఆగేవాళ్లా?”

ఆగేవాళ్లు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెబితే అతను తేలిక మనసుతో బస్సెక్కేవాడు.

“ఏమో మరి,” అన్నాను.

ఊరికెళ్లి, తాను లేవకపోవడం వల్లే పని చెడిందని మిగతా కౌలువాళ్లకు అతనే చెప్పుకున్నాడట. వాళ్లు ముఖం మీదే తిట్టారట. ఆ తిట్లు కూడా నాకు రావలసినవే.

పరిహారం నా పేరున వచ్చింది, నేను ఉంచుకున్నాను. చట్టప్రకారం నాదే. అతను కౌలు కట్టలేదు, అదీ నిజమే.

వేసవిలో కౌళ్లు మాట్లాడుకునే రోజున ఊరికెళ్లాను. మా అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. కుర్చీలో నేను. అతను కింద, మెట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ గుండీల చొక్కానే తొడుక్కొచ్చాడు. మాటల మధ్యలో చెయ్యి కొంచెం పైకెత్తాడు. నేను అటు చూడలేదు.

ఒక పెద్దాయన గమనించి, “ఏందిరా, నువ్వేమన్నా చెప్పేదుందా?” అన్నాడు.

అతను ఆయన వైపు కాదు, నా వైపు చూశాడు. నేను అనుమతిస్తే లేచి మాట్లాడదామని.

“అతని గడువు అయిపోయిందండీ. కౌలు కట్టలేదుగా,” అన్నాను. కొత్త కౌలుదారు పేరు చెప్పి, కాదనేవాళ్లున్నారా అని అడిగాను. ఎవరూ పలకలేదు.

అందరూ కండువాలు దులుపుకుని వెళ్లిపోయారు. అతను మాత్రం మెట్టు పక్కన అలాగే కూర్చున్నాడు, ఎవరో లేవమనాలన్నట్టు. నేను లోపలికెళ్లి తలుపేసుకున్నాను.