బొంతపురుగుల కందకం

ఎనభైల మొదట్లో, పెళ్లయి కనిగిరి దగ్గర ఓ మెట్ట ఊరికి కాపురానికొచ్చిన ఏడాది, తొలకరి పడిన రెండు వారాలకే మా గడ్డి బీడు మీద బొంతపురుగులు పడ్డాయి. నేను టౌనులో, బ్రాడీపేటలో పెరిగినదాన్ని. పురుగంటే బియ్యంలో ఏరేసేదే అనుకునేదాన్ని. ఇవి వేలెడంత పొడుగు, ఒంటినిండా ఎర్రటి నూగు. పచ్చగా లేచిన గడ్డిని మొదలంటా నమిలేస్తూ, నేలే కదులుతున్నట్టు వచ్చేవి. దగ్గరికెళితే ఆ నములుడు వినపడేది. నాకు అన్నం సయించేది కాదు.

గేదెలకున్న మేత ఆ బీడొక్కటే. మా అత్తగారు దాని చుట్టూ మోకాలిలోతు కందకం తవ్వించింది. గోడ నిటారుగా ఉంటే పడ్డ పురుగు పైకి ఎక్కలేదు. రోజూ పొద్దున్నే వాటిని చంపి మన్ను కప్పాలి. ఆ పనికి మా పొలంలో కూలికొచ్చే ఆవిడ దిగింది. ఆదివారం మల్లెపువ్వులాంటి చీర కట్టి చర్చికెళ్లే మనిషి, వట్టికాళ్లతో ఆ పురుగుల్లో నిలబడి రోకలితో దంచింది. పసరు మోకాళ్లదాకా చిమ్మింది. నేను గట్టు మీద ముక్కు మూసుకుని నిలబడ్డాను.

మూడోనాటికి నూగు గుచ్చుకుని ఆవిడ కాళ్లు బొబ్బలెక్కాయి.

"కాస్త ఆముదం పొయ్యండి అమ్మగారూ, మంట ఓర్చుకోలేకపోతున్నా" అంది వాకిట్లోంచి.

మా అత్తగారు మెట్టు మీద నుంచే ధారగా వొంపింది. "చెయ్యి పైకి తేబాకే, గిన్నెకి తగులుద్ది!" అని కసిరింది కూడా. సగం నూనె మట్టిపాలైంది. నేను గుమ్మంలోంచి చూసి లోపలికెళ్లిపోయాను.

మర్నాడు ఆవిడ పనికి రాలేదు. అత్తగారు కేకలేద్దామని వాళ్లింటికి బయల్దేరితే వెంట నేనూ వెళ్లాను. ఆవిడ మంచం మీంచి లేవకుండానే అంది:

"కాళ్లు తగ్గిందాకా నేను దిగనమ్మగారూ. మీ కోడలికీ కాళ్లున్నాయిగా."

"నిజమేగా అత్తయ్యా" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

కాళ్లకి గోతాం గుడ్డలు చుట్టుకుని కందకంలోకి దిగాను. మెత్తగా చితికే ఆ స్పర్శకీ, ఆ కంపుకీ, రెండు పోట్లకే వాంతయింది. పురుగులు దాని మీదికీ పాకాయి. మూతి తుడుచుకుని మళ్లీ రోకలెత్తాను. అలా ఐదు రోజులు.

చివరికి సగం గడ్డి మిగిలింది. కోసి వేస్తే గేదెలు మూతి పెట్టి, బుస్సుమని పక్కకి తిరిగాయి. పోచ పోచకీ నూగూ, పురుగుల పెంటా. అదంతా ఎండబెట్టి తగలబెట్టాం.

ఆముదం సీసా నేనే తీసుకెళ్లి ఆవిడ చేతికిచ్చాను. తీసుకుంది. కూర్చోమని మాత్రం అనలేదు.