పురుగుంటుంది, పర్లేదా?

అప్పట్లో కెనడాలోని వాటర్లూలో కాలేజీ సీటైనా దొరికేది గానీ అద్దె గది దొరికేది కాదు. విమానాల కొద్దీ స్టూడెంట్లం వచ్చి దిగుతుంటే, వీళ్ళంతా ఎక్కడ పడుకుంటారన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. మూడు గదుల ఇంట్లో తొమ్మిది మంది అమ్మాయిలం సర్దుకున్నాం. నా వాటాకొచ్చింది హాల్లో సోఫా వెనక ఒక పరుపు. అందుకే ఒక తెలుగావిడ ఇంట్లో బేస్‌మెంట్ గది ఖాళీగా ఉందని తెలియగానే, క్లాసు మధ్యలో లేచి బయటికొచ్చి మరీ ఫోన్ చేశాను.

ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. కిటికీ, బాత్రూము, బస్‌స్టాపు, అన్నీ చెప్పి చివర్లో గొంతు తగ్గించారు.

"ఒక్క మాటమ్మాయ్. ఆ గదిలో పురుగుంటుంది. నీకు పర్లేదా?"

"ఏం పర్లేదాంటీ. ఒంగోల్లో హాస్టల్లో పెరిగిందాన్ని. పురుగు సంగతి నాకొదిలెయ్యండి, నేను చూసుకుంటా."

"నిజంగా చూసుకుంటావా?" అన్నారావిడ. ఆ గొంతులో అంత సంతోషం ఎందుకో నాకర్థం కాలేదు.

శనివారం సామానుతో పాటు బొద్దింకల మందు డబ్బా కూడా పట్టుకుని దిగాను. గది తలుపు తీస్తే గోడ పొడవునా గాజు పెట్టె, అందులో నా ముంజేతి లావున పాము. పాము అనకుండా పురుగు అనడం మా అమ్మమ్మ కూడా చేసేది. ముప్పై ఏళ్ళు కెనడాలో వైద్యం చేసిన మనిషి, మైనస్ పద్దెనిమిది చలిలో, అదే పద్ధతి పాటిస్తుందని నేనెలా అనుకుంటాను? మందు డబ్బా వీపు వెనక దాచేశాను.

"విషం లేదులే," అన్నారు ఆంటీ, మెట్ల మీదే నిలబడి. "మా అమ్మాయి పెంచుకుంది. వాంకూవర్లో జాబొచ్చింది, అక్కడి అపార్ట్‌మెంట్లో ఒప్పుకోరట. నాకేమో దాన్ని చూస్తే కాళ్ళు వణుకుతాయి. ఇద్దరు స్టూడెంట్లు వచ్చి పారిపోయారు. అందుకే మా అమ్మాయి ఒక కండిషన్ పెట్టింది. అది ఒక్కసారి సరిగ్గా కుబుసం విడిస్తే గది నీదే. తేడా వస్తే, గదిని పాముల్ని పెంచడం తెలిసినవాళ్ళకి ఇస్తానంది."

మళ్ళీ ఆ సోఫా వెనక్కి వెళ్ళడమా? చచ్చినా వెళ్ళను. సరేనన్నాను.

ఆంటీ ఐసీయూలో పేషెంటుకి పెట్టినట్టు చార్టు గీసిచ్చారు. పెట్టెలో వెచ్చటి వైపు ముప్పై రెండు డిగ్రీలు, చల్లటి వైపు ఇరవై ఆరు, గాలిలో తేమ అరవై శాతం. రోజుకి రెండుసార్లు చూసి రాయాలి. మనుషులకి మాత్రం ఇంట్లో పద్దెనిమిది డిగ్రీలే. నేను రెండు స్వెట్టర్లు వేసుకుని, ఆ గాజుకి వీపానించి అసైన్‌మెంట్లు రాసుకునేదాన్ని. ఆదివారం చర్చిలో పాస్టరుగారు సర్పం అన్నప్పుడల్లా నవ్వాపుకోలేక దగ్గేదాన్ని.

జనవరిలో ఒకరోజు చూస్తే దాని కళ్ళు నీలంగా మసకబారి ఉన్నాయి. "గుడ్డిదైపోయిందాంటీ," అని ఏడుపు గొంతుతో పైకి పరిగెత్తాను.

"కుబుసానికి ముందు అంతే. ముట్టుకోకు, తిండి పెట్టకు. తేమ ఎంతుంది?"

ముప్పై. ఇంటి హీటరు గాలిని ఎండగొట్టేసింది. తేమ లేకపోతే కుబుసం పేలికలై ఊడుతుంది, కళ్ళ మీది పొరలు అక్కడే అతుక్కుపోతాయి. అప్పుడు నా తెలివి విజృంభించింది. రైస్ కుక్కర్లో నీళ్ళు పోసి, మూత తీసి పెట్టె పక్కన మరిగించి, పైన తడి తువ్వాలు కప్పేశాను. గంటలో గాజంతా నీళ్ళు కారింది.

"అమ్మాయ్, పురుక్కి ఇడ్లీలు పెడుతున్నావా?" మెట్ల మీంచి ఆంటీ గొంతు. "గాలాడకుండా ఆవిరి పట్టిస్తే న్యుమోనియా వస్తుంది. జన్మంతా ఊపిరితిత్తులు చూశాను, ఇక దీనివి కూడా నేనే చూడాలా?"

ఆవిడ చెప్పినట్టు చపాతీల డబ్బా మూతకి కంత కోసి, పెట్ షాపులో కొన్న నాచుని తడిపి పిండి నింపి వెచ్చటి వైపు పెట్టాను. పెట్టె పైన జాలీని సగమే కప్పాను. పాము ఆ డబ్బాలో దూరి మూడు రోజులు బయటికి రాలేదు. నాలుగో రోజు తల బయటపెడితే కళ్ళు తేటగా ఉన్నాయి, కుబుసం మాత్రం ఇంకా విడవలేదు.

ఇంకో నాలుగు రోజులకి, పొద్దున్నే, అది మూతిని పెట్టెలో ఉన్న చెక్కముక్కకేసి రుద్దడం మొదలుపెట్టింది. పెదవుల దగ్గర పొర విడి, తడి మేజోడు తిప్పి లాగినట్టు వెనక్కి జారసాగింది. కాస్త లాగుదామా అని చేతులు దురద పెడుతుంటే, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. "వచ్చిందా?" అని ఆంటీ మెట్ల మీంచి, కాన్పు గది బయట నిలబడ్డ తల్లిలా, రెండు నిమిషాలకోసారి అడుగుతూనే ఉన్నారు.

వచ్చింది. మొత్తం, ఒక్క ముక్కగా. తువ్వాలు మీద పరిచి, వాంకూవర్ అమ్మాయికి వీడియో కాల్ చేశాం. ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఒక్కటే అడిగింది, కళ్ళ పొరలు చూపించమని. ఫోను కుబుసం తల దగ్గరికి పెట్టాను. ఆంటీ కిందికి దిగొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, వంగి చాలాసేపు చూశారు.

"రెండూ ఉన్నాయి," అన్నారు.

"ఓకే. షి కెన్ స్టే," అంది ఆ అమ్మాయి.

అది పాము గురించో నా గురించో తెలియక ఆంటీ వైపు చూశాను.

"ఇద్దరి గురించీ," అన్నారావిడ.

ఆవిడ పైకి వెళ్ళాక గదిలో పిచ్చిదానిలా గంతులేశాను. తర్వాత సూట్‌కేసు తెరిచాను. కెనడా వచ్చి ఐదు నెలలైనా పైపైన ఉన్నవే తీసి వాడుకుంటున్నాను. అడుగున అమ్మ మడతపెట్టినవి ఆ మడతల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి హాంగర్లకి తగిలించాను. సూట్‌కేసు ఖాళీ అయ్యాక మంచం మీద కూర్చుని, సంతోషం పట్టలేక భోరుమని ఏడ్చాను.