దగ్గు ఆగిన తర్వాత

కరోనా మూలాన మూతపడ్డ మా హైస్కూలు మళ్లీ తెరిచేసరికి దర్శి చుట్టుపక్కల పత్తి తీతలు ముమ్మరంగా ఉన్నాయి. మా పదో తరగతి పిల్లల్లో చాలామంది చేలల్లోనే ఉన్నారు. నేను వాళ్లకు తెలుగు చెబుతాను, క్లాసు టీచర్ని కూడా. ఇల్లిల్లూ తిరిగి, తల్లుల్ని బతిమాలి ఒక్కొక్కరినే బడికి తెచ్చుకున్నాను. వచ్చినవాళ్లకు చదవడం రావట్లేదు. ఒత్తు కనబడితే చాలు ఆగిపోయేవాళ్లు. కొందరు బల్ల మీద తలవాల్చి నిద్రపోయేవాళ్లు. అయినా వచ్చారు, అదే చాలనుకున్నాను.

ఒక అమ్మాయి మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చింది. అంతకుముందు ప్రార్థనలో రోజూ వార్తలు చదివిన పిల్ల. వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. బడి మూసి ఉన్న రోజుల్లోనే కరోనాతో పోయాడు. ఆ సంగతి నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు. ముందు బెంచీలో కూర్చుని, మిగతావాళ్లు తడబడుతుంటే పక్కనుంచి మెల్లగా అందించేది.

మిరప కోతలు వచ్చేదాకా బాగానే ఉంది. మా బడి గోడకి అవతలే కల్లం. పట్టల మీద పోసిన కాయను ఎండలో తిరగేస్తుంటే ఆ ఘాటు నేరుగా మా కిటికీల్లోకి వస్తుంది. ఏటా అంతే. క్లాసు మొత్తం దగ్గుతుంది, నవ్వుతుంది, మళ్లీ పాఠంలో పడుతుంది. ఆ ఏడు అలా అందరూ దగ్గిన మొదటి రోజు ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని బిగుసుకుపోయింది. దగ్గులు తగ్గి గది సద్దుమణగగానే లేచి బయటికి పరుగెత్తింది. వెళ్లి చూస్తే చేతిపంపు దగ్గర కూర్చుని వణుకుతోంది.

దగ్గంటే భయపడుతోంది కాబోలు అనుకున్నాను. కల్లం రైతు దగ్గరికెళ్లి పట్టలు కాస్త దూరం జరపమని అడిగాను.

"టీచరమ్మ గారూ, ఈ ఏడు వానకి సగం కాయ నల్లబడింది. ఎండ పడే చోటు వదులుకుని యాడికి పోను?" అన్నాడాయన. అయినా మర్నాడు కూలీల చేత పట్టల్ని అవతలి చివరకు లాగించాడు. గాలి మాత్రం ఇటే కొట్టింది.

రెండోసారి పరుగెత్తినప్పుడు వెనకే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అది మిరప ఘాటు తల్లీ. ఎవరికీ జబ్బు లేదు."

"తెలుసు మేడం."

"మరి దగ్గు వింటే ఎందుకంత భయం?"

నేలవైపు చూస్తూ చెప్పింది. "దగ్గుతున్నంతసేపూ భయం లేదు మేడం. నాన్నని గదిలో పెట్టి తలుపేశారు. నేను తలుపు బయట కూర్చునేదాన్ని. దగ్గు వినపడితే ఉన్నాడని అర్థం. ఆ రోజు పొద్దున దగ్గు ఆగింది. నిద్ర పట్టిందిలే అనుకున్నా. అమ్మకి కూడా సద్దు చెయ్యొద్దని చెప్పా."

చెయ్యి పట్టుకున్నాను, అంతే.

హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "మనకేం తెలుసు మేడం ఇవన్నీ? డాక్టరుకి చూపించమనండి," అన్నారు. ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో బలానికి మాత్రలు ఇచ్చి పంపారు. ఒంగోలులో మనసు డాక్టరు ఉంటాడు, నేను తీసుకెళ్తానంటే తల్లి చేతులు జోడించింది. "వొద్దమ్మా, పిల్లకి పిచ్చంటారు. ఆ పేరు పడితే ఇంక పోదు."

చివరికి ఆ అమ్మాయికి వరండాలో కుర్చీ వేయించి, గుమ్మంలో నిలబడి అటూ ఇటూ వినబడేలా పాఠం చెప్పాను. గొంతు పోయేది. కానీ తను రాసుకునేది, అడిగినదానికి జవాబు చెప్పేది. దారిలో పడిందనే నమ్మాను.

ఒక మధ్యాహ్నం ఘాటు నాకే తగిలింది. ఊపిరాడక, కళ్లు చీకట్లు కమ్మి, తలుపు పట్టుకుని దగ్గాను. ఎవరో నీళ్లిచ్చారు. తాగి, ఆయాసం తీరేదాకా కళ్లు మూసుకుని నిలబడ్డాను. తెరిచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పుస్తకాల సంచీ అక్కడే ఉంది. గేటు దాకా పరుగెత్తి పిలిచాను. తను అప్పటికే రోడ్డెక్కేసింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సంచీ తీసుకుని ఇంటికి వెళ్తే తల్లి, "బడి మాటెత్తితే వాంతులు చేసుకుంటందమ్మా. కోతకి వస్తానంటే నాతోపాటే తీసకపోతన్నా," అంది. చేనుకి వెళ్లాను. మూతికి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లందరూ దగ్గుతూనే కాయ కోస్తున్నారు. వాళ్ల మధ్య ఆ పిల్ల నిమ్మళంగా ఉంది.

"ఇక్కడ భయం లేదా?" అన్నాను.

"ఇక్కడ గోడలు లేవు కదా మేడం. అందరూ కనపడతారు."

"నేను కూడా బాగానే ఉన్నాను, చూడు. నాకేం కాలేదు."

"తెలుసు మేడం," అని గుడ్డ కళ్లదాకా లాక్కుంది. "నాకు తెలుసు. అయినా ఆగలేను." ఏడుస్తూనే చేతులు కాయ కోస్తున్నాయి. మేస్త్రి కేకేశాడు. సంచీ గట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఇంకేదో చెయ్యాలని ఆలోచించేలోపే జబ్బు మళ్లీ విజృంభించింది, బడి మూసేశారు. పరీక్షలు రద్దయ్యాయి. అందరూ పాసయ్యారన్నారు, తను కూడా. మార్కుల మెమోలు ఇచ్చే రోజు గేటు దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు. నేనే తీసుకెళ్లి చేతికిచ్చాను.

"ఇంటర్‌లో చేరతావా అమ్మా?"

"అక్కడా గదులే కదా మేడం."

పరీక్షకి ప్రైవేటుగా కట్టొచ్చని, మీ ఇంటి అరుగు మీదే కూర్చుని నేను చెబుతానని, ఏవేవో ఒక్క గుక్కలో చెప్పాను. మమ్మల్ని సంతోషపెట్టడానికి పిల్లలు ఊపినట్టే తలూపింది.

మాటిచ్చానని వారం తిరక్కుండానే వెళ్లాను. తలుపుకి తాళం. నారుమళ్ల పనికి తల్లీకూతుళ్లిద్దరూ ఎటో వెళ్లారని పక్కింటావిడ చెప్పింది. ఏ ఊరో ఆవిడకీ తెలియదు. ఆ అరుగు మీద కాసేపు కూర్చుని, బస్సుకి వేళవుతుంటే లేచాను.