ధర్మం దుకాణంలో గేమ్ క్యాసెట్లు

వనపర్తిలో నేను డిప్లొమా చదివే రోజుల్లో బస్టాండుకు కొంచెం అవతల ఒక రేకుల గది ఉండేది. అనాథ పిల్లల హాస్టలు నడిపే ఒక సంస్థ వాళ్ళది. హైదరాబాదులో జనం వద్దనుకున్న సామాన్లు లారీలో తెప్పించి, ఆ గదిలో కుప్పపోసి అమ్మేవాళ్ళు. వచ్చిన డబ్బు హాస్టలు పిల్లల తిండికి. ఊళ్ళో అందరూ దాన్ని ధర్మం దుకాణం అనేవాళ్ళు. మా పాలమూరులో ధర్మానికి ఇచ్చారంటే ఊరికే ఇచ్చారని అర్థం. అందుకని పల్లెల నుంచి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు నచ్చిన చీర చంకన పెట్టుకుని నిమ్మళంగా బయటికి నడిచేవాళ్ళు. గది చూసుకునే ముసలామె, అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు, వాళ్ళ వెనకాలే పరుగెత్తేది.

"ధర్మం మీకు కాదమ్మా, హాస్టల్ పిలగాండ్లకు! పైసలిచ్చి పోండ్రి!"

నేను అక్కడికి చీరల కోసం వెళ్ళలేదు. గద్వాలలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన నాకు ఒకరు కట్టి విడిచిన చీర కొనాలంటే మనసొప్పేది కాదు. మేం నేసిన పట్టంచు చీర మా అమ్మకు ఒక్కటీ లేదనుకోండి, అది వేరే సంగతి. నేను వెళ్ళింది వీడియో గేమ్ క్యాసెట్ల కోసం, మా తమ్ముడికి.

వాడికి కండరాలు కరిగిపోయే జబ్బు. చిన్నప్పుడు గడప దాటలేకపోతే బద్ధకం అనుకున్నాం. నడుస్తూ నడుస్తూ పడిపోతే కళ్ళు నెత్తికెక్కాయా అని తిట్టాం. చివరికి కర్నూలు దవాఖానకు తీసుకెళ్తే అక్కడి డాక్టరు ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత ఊపిరి అని వరస చెప్పాడు, బస్సు ఏ ఊరి తర్వాత ఏ ఊళ్ళో ఆగుతుందో చెప్పినట్టు. మందు లేదన్నాడు. అమ్మ మల్దకల్ తిమ్మప్పకు ముడుపు కట్టింది. నాన్న బస్సు దిగి ఇంటికొచ్చి, నేరుగా మగ్గం గుంటలోకి దిగాడు. రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు మాది. ఏడవాలన్నా తీరిక చూసుకోవాలి.

కాళ్ళు పూర్తిగా పోయిన ఏడాది మా మేనమామ వాడికి ఒక టీవీ గేమ్ తెచ్చిచ్చాడు. నల్లటి పెట్టె, దానికి తీగలతో రెండు రిమోట్లు, పైన గాడిలో గుచ్చే ఒక పసుపుపచ్చ క్యాసెట్. మగ్గం ఉన్న గదిలోనే ఒక మూల వాడి మంచం, మంచానికి ఎదురుగా టీవీ. ఆ తెర మీద వాడు పరుగెత్తాడు, గోడలు దూకాడు, చెట్లెక్కాడు. ఇటు పక్క నాన్న మగ్గం మీద నాడె అటూ ఇటూ విసురుతుంటే అటు పక్క వాడి బొమ్మ గెంతులేసేది. బడి మానేశాక వాడి నోట నవ్వు వినపడింది ఆ ఆట వచ్చాకే. అమ్మ నూలు కండెలు చుట్టుకుంటూ, "మా పిలగాడు ఉరుకుతుండు సూడు" అని వచ్చినవాళ్ళకు చూపించేది. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఆ మాట అనకుండా ఆమెను ఆపడం మాత్రం నాకు చేతకాలేదు.

తర్వాత ఎడమ చెయ్యి పోయింది. రిమోట్ మీద బొమ్మను నడిపించే బాణం గుర్తులుండేది ఎడమ పక్కే. దాంతో ఇంట్లో ఉన్న ఆటలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. కుడిచేతి బొటనవేలు ఒక్కటే మిగిలింది. అప్పుడు నాకొక పిచ్చి పట్టుకుంది. ఆ ఒక్క వేలితో, ఒక్క బొత్తంతో ఆడగలిగే ఆట ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, ఆ వేలు కూడా పోయేలోగా దాన్ని పట్టుకోవాలని.

గద్వాల కొట్లలో దొరికేదల్లా ఒకటే రకం. లేబుల్ మీద లక్షల ఆటలని ఉంటుంది, లోపల చూస్తే అవే నాలుగు ఆటలు పేర్లు మార్చుకుని తిరుగుతుంటాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఒక్కోదాంట్లో ఒక్కటే ఆట ఉండే పాత క్యాసెట్లు పట్నంలో ఉన్నవాళ్ళ పిల్లలు ఆడి పారేస్తేనే దొరుకుతాయి. అందుకే ధర్మం దుకాణం.

అక్కడ గేమ్ క్యాసెట్లకు వేరే చోటు లేదు. పెద్దమ్మ వాటిని భజనల క్యాసెట్లతో, సినిమా పాటల క్యాసెట్లతో కలిపి ఒకే గంపలో వేసేది. ఇవి వేరు, అవి వేరు అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "క్యాసెట్లంటే క్యాసెట్లే గద తల్లీ. ఒకటి పాడుతది, ఒకటి ఆడుతది" అనేది. నేను నేల మీద చతికిలబడి గంపంతా కలబెట్టేదాన్ని. టీవీ లేదు కాబట్టి పెట్టి చూసుకునే వీలు లేదు. లేబుల్ మీద బొమ్మ చూసి ఊహించుకోవడమే. విమానం ఉంటే ఒక్క బొత్తమేమో అనుకుని తీసుకెళ్తే అది కూడా ఎడమచేత్తో నడిపేదే. పడవ, గుర్రం, చేప, అన్నీ అంతే. లేబుళ్ళు గీసినవాడు ఎదురుపడితే వాణ్ణి నాలుగు పీకాలన్నంత కోపంగా ఉండేది నాకు.

శనివారం శనివారం గద్వాలకు ఇంటికి వెళ్ళేదాన్ని. మొదటి క్యాసెట్ తీసుకెళ్ళినప్పుడు ఇంకో గొడవ. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అమ్మ దాన్ని ఇత్తడి చెంబులో ముంచుతోంది. పసుపు నీళ్ళు.

"కరెంటు సామాను కడుగుతరా అమ్మా! తెల్వకపోతే అడగొద్దా?"

"ఎవరింట్ల ఎవరు సచ్చిండ్రో ఏమో బిడ్డా. బతికున్న పిలగాని ఆట సామాను ఎవరన్న ధర్మమిస్తరా? మైల ఉంటది. కడిగి ఎండల పెడితే ఏమైతది?"

నేను నోటికొచ్చినట్టు అరిచాను. మంచం మీద తమ్ముడు మాత్రం పగలబడి నవ్వాడు.

"అక్కా, అమ్మ దానికి తానం పోసింది. ఇంగ బొట్టు పెడితే పెండ్లే."

రెండు రోజులు ఎండబెట్టాక అది ఎలాగో పనిచేసింది. దాంతో అమ్మకు ధీమా వచ్చేసి, ఆ తర్వాత తెచ్చిన ప్రతి క్యాసెట్‌కూ స్నానం చేయించింది. ముసురు పట్టినప్పుడు తెచ్చిన రెండు మళ్ళీ బతకలేదు. ఎవరిదో చావు ఆ ప్లాస్టిక్ ముక్క పట్టుకుని మా ఇంటికొస్తుందని ఆమె భయం. రావలసినది ఎప్పుడో వచ్చి ఆ మూల మంచం మీద కూర్చుందని ఆమెకు నేను చెప్పలేదు, ఆమె నాకు చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

మా క్లాసులో కోడేరు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. నా తిరుగుడు చూడలేక, నాగర్‌కర్నూల్‌లో కూడా ఆ సంస్థదే ఇలాంటి గది ఉందని, అక్కడ టీవీలో పెట్టి చూపిస్తారని చెప్పింది. వెళ్ళాను. ఒక పెద్దాయన నడిపేవాడు. బల్ల మీద చిన్న టీవీ, దానికి గేమ్ పెట్టె ఎప్పుడూ తగిలించే ఉండేది.

"పెద్దయ్యా, ఒక్క బొత్తంతోని ఆడేది గావాలె. వేరేది ఏదీ ముట్టుకునే పని ఉండొద్దు."

"గదేం ఆటమ్మా? ఇంత పెద్దదానివి, నీకు గంత అల్కటిది ఎందుకు?"

చెప్పాను. ఆయన తన దగ్గర ఉన్న క్యాసెట్లన్నీ బల్ల మీద పోసి ఒక్కొక్కటే దుమ్ము ఊది పెట్టడం మొదలుపెట్టాడు. కాళ్ళు పీకేదాకా చూశాం. చివరికి లేబుల్ చిరిగిపోయినదాంట్లో ఒక జీపు వచ్చింది. బొత్తం ఒత్తితే జీపు పోతుంది, వదిలితే ఆగుతుంది. దారి దానంతట అదే మలుపు తిరుగుతుంది. గేట్లు పడినప్పుడు ఆగాలి, లేచినప్పుడు పోవాలి. అంతే ఆట. నాకు ఆ గదిలోనే ఏడుపు వచ్చింది. సంతోషంతో ఏడవడం ఆ సంవత్సరాల్లో నాకు గుర్తున్నది అదొక్కసారే.

ఆ క్యాసెట్‌ను మాత్రం అమ్మ చేతికి ఇవ్వలేదు. పసుపు నీళ్ళు పైపైన చిలకరించుకోమని, గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడు ఆ సాయంత్రం జీపు నడిపాడు. బొటనవేలు బొత్తం మీద పెట్టి, పెదవి కొరుక్కుంటూ, గేటు లేవగానే ఒత్తేవాడు. "అక్కా, ఇది నా కోసమే చేసిండ్రు" అన్నాడు.

ఆ తర్వాత నేను ఇంటికి ఎప్పుడు వెళ్ళినా టీవీలో జీపు పోతూనే ఉండేది. "పొద్దంత ఆడుతనే ఉండు బిడ్డా" అని అమ్మ మురిసిపోయేది. గేట్లన్నీ చక్కగా దాటేవాడు. పెద్ద వంతెన దగ్గరికి వచ్చేసరికి నీళ్ళలో పడేవాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ అదే వంతెన. నాకు చిరాకు వేసేది.

"ఆడ జర ఆగరాదురా? ఎప్పుడూ గాడనే పడుతవ్."

"అది ఆగుతలేదక్కా" అనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మా దగ్గర అది వింత కాదు. అమ్మ కిటికీ వెలుతురులోనే వాడికి అన్నం తినిపించడం మొదలుపెట్టింది. మెతుకులు మీద పడకుండా వాడి రెండు చేతులూ ఒడిలో పెట్టి పైన తువ్వాలు కప్పింది. రిమోట్ తీసి దిండు పక్కన పడేసింది. సగం అన్నం అయ్యేసరికి కరెంటు వచ్చింది. టీవీ వెలిగింది. ఆట పేరు వచ్చి కాసేపు నిలిచింది. తర్వాత జీపు కదిలింది. గేటు పడితే ఆగింది, లేస్తే పోయింది. పెద్ద వంతెన దగ్గరికి వచ్చి నీళ్ళలో పడింది.

అమ్మ టీవీ వైపు చూడలేదు. ముద్ద కలుపుతూ, చప్పుడు విని, "సూడు, తినుకుంట గూడ ఆడుతడు" అంది.

నేను తువ్వాలు వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. అమ్మ పళ్ళెం కడగడానికి లేచేదాకా ఆగి అడిగాను.

"ఎప్పటిసంది?"

"నువ్వు తెచ్చినంక ఒక్క వారం ఆడిన. అటెన్క వేలు ఆడలేదు."

"చెప్పొద్దారా నాకు?"

"చెప్తే ఇంగ నువ్వు తేవు గదా. అమ్మ ఏడుస్తది. ఏమీ ఒత్తకుంటే అదే ఆడుతదక్కా. ఆట ఎట్లుంటదో సూపిస్తది. నేను సూస్తున్న. మంచిగనే ఉంటది."

వేలు ఆడలేదు. ఆట ఆడుతుంది. మా ఇంట్లో మగ్గం ఆడాలి, రెక్క ఆడాలి, డొక్క ఆడాలి. ఆఖరికి ఊపిరి ఆడదని డాక్టరు చెప్పింది కూడా ఆ మాటతోనే. అన్నిటికీ ఒకటే మాట పెట్టి చచ్చారు, ఇంకో మాట దొరకలేదా అని నాకు మా భాష మీదే మంట పుట్టింది. ఎవరి మీద కోప్పడాలో తెలియనప్పుడు మనిషి దేని మీదైనా కోప్పడుతుంది.

మగ్గం చప్పుడు ఆగింది. గుంటలోంచి నాన్న గొంతు వచ్చింది. ఆయన మాట్లాడటమే అరుదు.

"ఏందిరా, ఆడుతుందా?"

"ఆడుతుంది నాయనా" అన్నాడు తమ్ముడు.

నాడె మళ్ళీ కదిలింది. నేను దిండు పక్కనున్న రిమోట్ తీసి, తువ్వాలు జరిపి, వాడి ఒడిలో పెట్టాను. బొటనవేలు తీసి బొత్తం మీద సర్దాను. వేలు చల్లగా ఉంది. వాడు కళ్ళతోనే చాలన్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా పక్కన కూర్చుని కండెలు అందుకుంది.

తర్వాతి శనివారం నేను గద్వాల బస్సు ఎక్కలేదు. నాగర్‌కర్నూల్ వెళ్ళాను. పెద్దాయన నన్ను గుర్తుపట్టి, కొత్త లారీలో వచ్చిన క్యాసెట్లు బయటికి తీశాడు. ఒకటి ఊది పెట్టి, రిమోట్ నా చేతికిచ్చాడు. నేను దాన్ని బల్ల మీద పెట్టేశాను. తెర మీద ఆట పేరు వచ్చి నిలిచింది.

"స్టార్ట్ ఒత్తు తల్లీ. ఒత్తకుంటే ఎట్లుందో ఎట్ల ఎర్కైతది?"

"ఒత్తను పెద్దయ్యా. ఎవ్వరూ ఒత్తకుంటే ఎంతసేపు ఆడుతదో చూస్త."

ఆయన నా ముఖంలోకి చూసి, స్టూలు నా వైపు జరిపాడు. ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ పోయాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అన్నీ చూశాను. అన్నిటికంటే ఎక్కువసేపు చావకుండా ఆడినదాన్ని కొన్నాను.