నాలుగు గుప్పిళ్ళ ఆవపిండి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నా కంప్యూటర్లో బాగా కనిపించింది లోకంలో ఎక్కడైనా అంతే బాగా కనిపిస్తుందని. టెక్కలిలో డిగ్రీ ముగించి, పలాసలో పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు తయారుచేసే డీటీపీ షాపులో కొత్తగా చేరాను. వీడియోలు చూసి ఈ-బుక్ చేయడం కూడా నేర్చేసుకున్నాను (నేర్చుకున్నాననే అనుకున్నాను). సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ తన వంటలన్నీ పుస్తకంగా చేసిపెట్టమంది. వజ్రపుకొత్తూరు దగ్గర తోటల్లో ఉండే పెద్దమ్మ ఆవపెట్టి పనసపొట్టు కూర వండితే, తిన్నవాళ్ళు పక్క ఊరికి పోయి మరీ చెప్పుకునేవారు. కొలతలు మాత్రం ఎవరికీ చెప్పేది కాదు, ఇచ్ఛాపురంలో ఉన్న సొంత చెల్లెలికి, అంటే మా చిన్నమ్మకి కూడా. మోకాళ్ళు మొరాయించి పొయ్యి దగ్గర నిలబడలేకపోయాక ఆమె మనసు మారింది.

ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. ప్రతి వంటకీ అందంగా ఒక పట్టిక గీసి ఎడమవైపు సరుకులు, కుడివైపు కొలతలు పెట్టాను. నూనె ఎంతని అడిగితే, "నూనికి కొలతేటి, సూసి పోసుకోవాల" అంది. సరేనని ఆ గడి ఖాళీగా వదిలేశాను. పుస్తకం బంధువులందరి ఫోన్లకీ పంపి, ఆదివారం పెద్దమ్మ ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాం. పనసపొట్టు కూర మాత్రం అప్ప (అక్కని అలాగే పిలిచేది) పుస్తకం చూసి తనే వండి తెస్తానని చిన్నమ్మ పట్టుబట్టింది. ఇచ్ఛాపురం నుంచి పెద్దమ్మ ఊరికి దగ్గరి స్టేషను పూండి దాకా రైల్లో ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

మొదటి ముద్ద మా మామయ్యది. ముద్ద లోపలికి వెళ్ళింది గానీ ఆయన నోరు మూతపడలేదు. కళ్ళలోంచి ధారగా నీళ్ళు. తర్వాత మిగిలిన పంక్తి అంతా అదే వరస, ఆవ ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కి మాట పడిపోయింది అందరికీ. చిన్నమ్మ తనూ రుచి చూసింది. అక్క వైపు తిరిగి నెమ్మదిగా, "నా సేతి వంట నలుగుర్లో పాడవాలనే తప్పు రాయించినావు గదప్పా" అంది.

పెద్దమ్మ తన కంచం పక్కకి జరిపింది. "నానెందుకు రాయిత్తానే?"

"నాలుగు గుప్పిళ్ళ ఆవపిండని నీ పుస్తకమే సెప్పింది. ఇన్నాళ్ళూ నువ్వు దాసింది ఇదే కావాల అనుకున్నాను."

నేను ఎంగిలి చేత్తోనే చిన్నమ్మ ఫోను లాక్కున్నాను. ఆమె ఫోన్లోని యాప్ నా పట్టిక గీతలన్నీ చెరిపేసి, ఖాళీ గడిని మింగేసి, కింది కొలతలన్నిటినీ ఒక్కో మెట్టు పైకి జరిపేసింది. ఆవపిండికి రావలసిన ఒక చెంచా నూనెకి పోయింది. జీడిపప్పుకి రాసిన నాలుగు గుప్పిళ్ళు ఆవపిండికి వచ్చాయి. మామయ్య ట్యాబ్ తెరిచాను. అందులో పట్టిక నిక్షేపంగా ఉంది గానీ, వత్తులన్నీ అక్షరాలను వదిలేసి పక్కన నిలబడ్డాయి. పుస్తకాలు చదువుకోడానికే మా బావ కొనుక్కున్న పరికరంలో తెలుగే లేదు, పేజీ నిండా డబ్బాలు. నా లాప్‌టాప్‌లో మాత్రం ముత్యాల్లా మెరుస్తోంది. ఒకే పుస్తకం, నాలుగు వేషాలు! నాలుగింటినీ చాప మీద పక్కపక్కనే పెట్టాను.

పెద్దమ్మ వాటి మీదికి వంగి చూసింది. "మరి నాను సెప్పింది ఇందులో ఏదిరా?" అని అడిగింది.

తప్పు అక్కది కాదని చిన్నమ్మకి అర్థమైంది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోవడం తెలియక కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయింది (అవి ఆవ తెచ్చిన నీళ్ళో మరొకటో నాకు ఇప్పటికీ తెలియదు). పెద్దమ్మే గోడ పట్టుకుని లేచి, "రాయే, పొట్టు ఇంకా ఉంది" అని ఆమెను వంటింట్లోకి తీసుకుపోయింది. తను పీట మీద కూర్చుని, చెల్లెలి చేత వండించింది. లోపలినుంచి "ఇంకాస్త నూని పొయ్యి, ఇంకాస్త, సాలు" అన్న మాటలు వినబడుతుంటే మేమంతా మజ్జిగ తాగుతూ ఎదురుచూశాం. మళ్ళీ వచ్చిన కూరకి ఎవరూ వంక పెట్టలేదు. పెట్టే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి.

తర్వాత పట్టికలన్నీ పీకేసి, ప్రతి కొలతనూ మామూలు వాక్యాల్లోకి మార్చి, దొరికిన ప్రతి ఫోనులోనూ తెరిచి చూశాను. ఇప్పుడు ఈ-బుక్కులే నా బతుకుతెరువు. నేను ఏ పెళ్ళికి వెళ్ళినా చుట్టాలు ముందు ఫోన్లు దాచుకుంటారు. ఆ రోజు తలచుకుంటే మాత్రం, చాప మీద కూర్చున్న ఆ కుర్రాడు నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతూనే ఉంటాడు. పాపం, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, లాప్‌టాప్‌ తిప్పి ఏడుస్తున్న చుట్టాలందరికీ తన పేజీ ఎంత బాగుందో చూపిస్తున్నాడు.