నూకాలు మోసిన నా తప్పు

నా కడుపున పుట్టినవాళ్లకు కూడా చెప్పని మాట ఒకటి ఇన్నేళ్లూ గుండెలో రాయిలా మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

హైదరాబాదు సంస్థానంలో అల్లర్ల రోజులవి. కోదాడ పక్క మా ఊరి మీద అల్లరిమూకలు పడి ఇళ్లు తగలబెడుతుంటే, మా ఆయన నన్నూ, చంటిదాన్నీ సరిహద్దు దాటించి పోలమ్మకు అప్పగించాడు. పోలమ్మ బందరు అవతల సముద్రపు ఒడ్డు మనిషి. కోదాడ సంతకు ఎండుచేపలు తెచ్చి అమ్మేది. మాకు ఆమెతో ఉన్న పరిచయం అంతే. అయినా మమ్మల్ని తన పాకలో పెట్టుకుంది. తాము గంజి తాగిన పూట కూడా నాకు అన్నం పెట్టారు. బాలింతనని. ఆ అన్నం రుచి నేను మరువలేదు.

పోలమ్మ కోడలు నూకాలు. నాకంటే చిన్నది. సముద్రం గురించి నాకు తెలిసిందంతా ఆమె చెప్పిందే. అష్టమినాడు పోటు బద్ధకంగా వచ్చి పోతుందనీ, పున్నమికీ అమావాస్యకూ ఉరవడిగా ఎక్కుతుందనీ, ఆ ఉరవడికే చేప ఏరు సముద్రంలో కలిసే మొగలోకి కొట్టుకొస్తుందనీ చెప్పేది. చలికాలం మొదట్లో ఒకరోజు నీళ్లలో పాదం పెట్టి నవ్వింది.

"నీళ్లు సల్లబడ్డాయక్కా. ఇక చేప ఒడ్డుకొచ్చుద్ది."

అలాగే వచ్చింది. నెత్తళ్లు వలల నిండా పడ్డాయి. ఇసుకలో తాటాకు చాపలు పరిచి ఎండబెట్టారు. అవి అమ్మితేనే ఆ ఇంటికి బియ్యం.

పున్నమి మర్నాడు పొద్దున్నే పోలమ్మ ఊళ్లోకి వెళ్లింది. నూకాలు మొగ దగ్గర వల లాగడానికి బయలుదేరుతూ, ఎండుతున్న చేపలను దిబ్బ మీదికి చేర్చమని నాకు చెప్పింది.

"సముద్రం గంత దూరంల ఉన్నది గదా. గీడిదాక వస్తదా?" అన్నాను.

"వచ్చుద్దక్కా. పున్నమి పోటు. ఎండ ఎక్కకముందే ఎత్తెయ్."

సరేనన్నాను. ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదు? బిడ్డ ఏడుస్తోందని, దాన్ని దించలేకపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. బిడ్డ నిద్రపోతోంది. ఆ చేపల వాసన చేతులకు అంటుకుంటే ఎలా పోతుందా అని కూర్చున్నాను. మాది భూములున్న కుటుంబం. వాళ్ల తిండి తింటున్నాను, వాళ్ల చాప మీద పడుకుంటున్నాను, కానీ వాళ్ల పని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. కాసేపాగి చూద్దాంలే అనుకున్నాను. తలెత్తేసరికి చాపలు తేలుతున్నాయి. పరుగెత్తాను. ఒక చాప అంచు దొరికింది, దాని మీద చేపలు లేవు.

పోలమ్మ తిరిగొచ్చి తడి ఇసుకను చూసి కూలబడింది. అప్పుడే నూకాలు వచ్చింది.

"చేపలు ఎత్తలేదేమే?" అంది పోలమ్మ.

నూకాలు నావైపు చూసింది. నేను బిడ్డవైపు చూశాను.

"మరిసిపోయానత్తా" అంది నూకాలు.

మత్స్యకారుల ఇంట పుట్టి పున్నమి పోటు మరిచిన కోడలని వాడంతా బుగ్గలు నొక్కుకున్నారు. తిండికి లేని ఇంట్లో ఒక నోరైనా తగ్గుతుందని పోలమ్మ ఆమెను పుట్టింటికి పంపేసింది. వెళ్లేటప్పుడు వెనకాలే పోయి చెయ్యి పట్టుకున్నాను.

"నేను జెప్త చెల్లె. ఇప్పుడే బోయి జెప్త."

"ఊరుకో అక్కా. నాకు పుట్టిల్లుంది. పసిబిడ్డతో నువ్వెక్కడికి పోతావు?"

నేను ఊరుకున్నాను. ఆమె ఊరుకోమన్నందుకేనా? కాదు. ఆ మాట కోసమే కాచుకున్నాను. ఆ పూట పోలమ్మ నా కంచంలో నూకాలు వంతు కూడా వేసింది. తిన్నాను.

అల్లర్లు అణిగాక మా ఆయన వచ్చి తీసుకుపోయాడు. సంతలు మళ్లీ మొదలయ్యాక పోలమ్మ గంపతో కోదాడ వచ్చింది. నూకాలు కాపురానికి తిరిగొచ్చిందని, కొడుకు పుట్టాడని చెప్పింది. అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. పోలమ్మ నా బిడ్డను ఎత్తుకుని ముద్దాడుతుంటే మళ్లీ మింగేశాను. తర్వాత కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది.

ఆ బిడ్డ ఇప్పుడు మిర్యాలగూడలో మనవలను ఎత్తుకుంది. నేనూ దాని దగ్గరే ఉంటున్నాను. దాన్ని చూసినప్పుడల్లా ఆ ఇంటికి మనసులోనే దండం పెట్టుకుంటాను. వాళ్లు లేకపోతే ఇది లేదు. కానీ దండం వేరు, నిజం వేరు. నన్ను క్షమించమని అడగను, క్షమించాల్సిన వాళ్లు మీరు కారు. మీరు వింటే చాలు. ఇంతమాత్రం చెప్పినా ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది.

నూకాలు మరిచిపోలేదు. నాకు చెప్పే వెళ్లింది. ఎత్తనిది నేను.